పక్క కొట్టు ధర చెప్పకూడదట!

మా ఇంట్లో నెల జమాఖర్చులు రాసేది నేనే. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు చేతిలో పెట్టిన నోట్‌బుక్ అలవాటు, ఇప్పటికీ వదల్లేదు. పాలు, కూరలు, గ్యాస్, పిల్లల ఫీజులు, అన్నీ అందులోనే. రెండేళ్ళ క్రితం అందులో ఒక కొత్త పద్దు చేరింది. "అత్తయ్యగారి పాటలు, 129." మా అబ్బాయి వాడి వదిలేసిన ఫోన్ ఆవిడకి ఇచ్చాం. పాత సినిమా పాట మంచి రసపట్టులో ఉండగా ప్రకటన వచ్చిందంటే ఆవిడకి ఎక్కడలేని చిరాకు. ప్రకటనలు వద్దంటే నెలకింత కట్టమని యాప్ అడిగింది. వేలితో నొక్కాను, అయిపోయింది. అప్పట్నుంచీ నెలనెలా డబ్బు దానంతటదే పోతోంది.

మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. నా నోట్‌బుక్ తిరగేస్తూ, "అదేంటత్తయ్యా, అమ్మమ్మ పాటలకి నూట ఇరవై తొమ్మిదా? నేను తొంభై తొమ్మిదే కడుతున్నా," అన్నాడు. అదే యాప్, అవే పాటలు. వాడు కంప్యూటర్‌లో ఆ కంపెనీ వెబ్‌సైట్‌కి వెళ్ళి కట్టాడట. నేను ఫోన్‌లో యాప్ లోపల కట్టాను. తేడా అంతే. నెలకి ముప్ఫై రూపాయలు, ఇరవై ఆరు నెలలు. 780 రూపాయలు.

మావారు పేపర్ లోంచి తలెత్తకుండానే, "కట్టేముందు నాలుగు చోట్లా చూసుకోవాలి కదా," అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు గానీ నాకు మాత్రం చురుక్కుమంది. కొత్తిమీర కట్ట కొనాలన్నా పక్క బండి ధర అడిగేదాన్ని నేను. నేనేనా రెండేళ్ళు కళ్ళు మూసుకుని కట్టింది? ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. డబ్బు గురించి కాదు. ఇంట్లో ఆ నోట్‌బుక్ మీద నాకున్న నమ్మకం గురించి.

నా పక్షాన మాట్లాడింది మా అత్తగారే. "సంతలో అయితే పక్క కొట్టువాడు కేకేసి ధర చెప్తాడు. ఈ ఫోన్‌లో ఎవరూ కేకెయ్యరా?" అన్నారు.

ఆ మాట పట్టుకునే నేను చదవడం మొదలుపెట్టాను. ఆలోచిస్తే విచిత్రంగా ఉంది కదూ! వెబ్‌సైట్‌లో కడితే ఆ యాప్ వాళ్ళకే లాభం, మధ్యలో ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు. అలాంటప్పుడు "అమ్మా, మా వెబ్‌సైట్‌లో తక్కువకి వస్తుంది" అని నాతో ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు? దానికి జవాబు వెతుకుతూ పోతే ఒక చరిత్రే బయటపడింది. యాప్‌లు అలా చెప్పకూడదని ఏళ్ళ తరబడి నిబంధన ఉందట!

కొట్టు తెరిచిన రోజులు

ఆపిల్ కంపెనీ ఐఫోన్‌లో యాప్ స్టోర్‌ని 2008 జులై 10న తెరిచింది. అప్పుడు అందులో ఉన్నవి 500 యాప్‌లు. లెక్క సులువు. యాప్ వంద రూపాయలకి అమ్ముడైతే తయారు చేసినవాళ్ళకి 70, ఆపిల్‌కి 30. అప్పట్లో అది మంచి బేరంగానే కనిపించింది. ఇంట్లో కూర్చుని యాప్ తయారు చేసిన కుర్రాడికి దేశదేశాల్లో కొట్టు అద్దె లేకుండా సరుకు అమ్ముకునే వీలు దొరికింది. అదే ఏడాది గూగుల్ కూడా ఆండ్రాయిడ్ ఫోన్లకి తన కొట్టు తెరిచింది. ఇప్పుడు మనం ప్లే స్టోర్ అంటున్నది దాన్నే. అక్కడా అదే 30 శాతం మామూలైపోయింది.

2009లో యాప్ లోపలే కొనుక్కునే సదుపాయం వచ్చింది. అంతకుముందు యాప్‌ని ఒకసారి కొంటే సరిపోయేది. ఇక్కడ్నుంచి యాప్ ఉచితం, లోపల సరుకుకి డబ్బు. ఆటలో నాణేలు, పత్రిక చందా, పాటల చందా, అన్నీ ఈ దారిలోనే వచ్చాయి.

నా ప్రశ్నకి జవాబు 2011లో దొరికింది. ఆ ఫిబ్రవరిలో ఆపిల్ చందాల మీద కొత్త నిబంధనలు పెట్టింది. యాప్‌లో చందా అమ్మితే మా చెల్లింపు పద్ధతిలోనే అమ్మాలి, మా 30 శాతం మాకివ్వాలి. బయట ఏ ధరకి అమ్ముతారో లోపలా అదే ధరకి గానీ, అంతకన్నా తక్కువకి గానీ ఇవ్వాలి. బయట కొనుక్కోవడానికి యాప్‌లో లింకు పెట్టకూడదు. పత్రికలవాళ్ళూ పుస్తకాలవాళ్ళూ గోల పెడితే జూన్‌లో కొంచెం సడలించింది. ధర ఒకేలా ఉండాలన్న షరతు తీసేసింది. బయటికి దారి చూపకూడదన్న షరతు మాత్రం ఉంచింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ జూన్ నుంచి బయట తక్కువకి అమ్ముకోవచ్చు, కానీ ఆ సంగతి కొనేవాళ్ళకి యాప్‌లో చెప్పకూడదు. నా నోట్‌బుక్‌లో ముప్ఫై రూపాయల తేడాకి మూలం ఇలాంటి షరతే. ఆ జులైలోనే అమెజాన్ వాళ్ళ కిండిల్ యాప్‌లోంచి పుస్తకాల దుకాణం బటన్ మాయమైంది. పుస్తకం చదువుకోవచ్చు. ఎక్కడ కొనాలో మాత్రం మనమే ఊహించుకోవాలి.

ఒక మాట చెప్పాలి. ఇదంతా ఫోన్‌లోనే వాడుకునే సరుకుల సంగతి. పాటలు, సినిమాలు, ఆటలు, ఆన్‌లైన్ చందాలు. కూరగాయలు తెప్పించుకున్నా, క్యాబ్ పిలిచినా, చీర కొన్నా ఈ కమీషన్ ఉండదు. అక్కడ మనకి నచ్చినట్టు కట్టొచ్చు. అందుకే కాబోలు, మనకెవరికీ అనుమానం రాలేదు.

క్రెడిట్ కార్డుల పాత కథ

ఈ పద్ధతి ఫోన్లతో పుట్టింది కాదు. అమెరికాలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ క్రెడిట్ కార్డు వాళ్ళు తమ కార్డు తీసుకునే దుకాణాలకి ఇలాంటి షరతే పెట్టారు. ఆ కార్డు మీద దుకాణం వాళ్ళ దగ్గర వసూలు చేసే రుసుము ఎక్కువ. అయినా "వేరే కార్డు ఇవ్వండి, మాకు ఖర్చు తగ్గుతుంది" అని కొనేవాళ్ళతో అనకూడదు. ప్రభుత్వం కోర్టుకెక్కింది. 2018 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో కార్డు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. అయిదుగురు ఒకలా, నలుగురు ఇంకోలా అన్నారంటే అంత పెద్ద జడ్జీలకే ఇది తేలిగ్గా తెగని వ్యవహారమన్నమాట. మావారి ఒక్క ముక్కతో తేలిపోయేది కాదని నాకప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

యూరప్‌లో పాటల గొడవ

అచ్చంగా మా ఇంటి గొడవలాంటిదే యూరప్‌లో జరిగింది. స్పాటిఫై అనే పాటల కంపెనీ చందా అప్పట్లో నెలకి 9.99 యూరోలు ఉండేది. ఆ కంపెనీ 2014లో ఐఫోన్ యాప్ లోపల కూడా చందా అమ్మడం మొదలుపెట్టినప్పుడు కమీషన్ కలుపుకుని అక్కడ 12.99 పెట్టింది. అవే పాటలు, నెలకి మూడు యూరోల తేడా. రెండేళ్ళ తర్వాత యాప్‌లో అమ్మడమే మానేసింది. 2019 మార్చిలో యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది.

అయిదేళ్ళు విచారణ జరిగింది. 2024 మార్చి 4న కమిషన్ ఆపిల్‌కి 180 కోట్ల యూరోలకి పైగా జరిమానా వేసింది. బయట తక్కువకి దొరికే చందాల గురించి పాటల యాప్‌లు ఐఫోన్ వాళ్ళకి చెప్పుకోనివ్వకుండా దాదాపు పదేళ్ళు అడ్డుపడ్డారన్నది తప్పు. మామూలు లెక్క ప్రకారం జరిమానా 4 కోట్ల యూరోలే అయ్యేదట. మిగతాదంతా అదనంగా కలిపారు. అందుకు కమిషన్ చెప్పిన కారణాల్లో ఒకటి చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నష్టంలో చాలా భాగం డబ్బులో కొలవలేనిది అంది. కొందరు ఎక్కువ కట్టారు. కొందరు ఎక్కడ కొనాలో తెలీక వెతుక్కుంటూ తిరిగారు. కొందరు దారి దొరక్క అసలు కొనడమే మానుకున్నారు. వాళ్ళనీ నష్టపోయినవాళ్ళ కిందే లెక్కగట్టింది.

ఆపిల్ మాట కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. కొనేవాళ్ళు నష్టపోయారనడానికి నమ్మదగ్గ ఆధారమే లేదంది. యూరప్‌లో పాటల వ్యాపారంలో అందరికన్నా పెద్దది స్పాటిఫైయేననీ, మా స్టోర్ వల్ల అంత లాభపడి మాకు ఏమీ కట్టడం లేదనీ అంది. కోర్టులో అప్పీలు చేసింది.

ఒకే తెర మీద రెండు ధరలు

అమెరికా కథ ఇంకా రసవత్తరం. ఫోర్ట్‌నైట్ అని పిల్లలు పడి చచ్చే ఆట ఒకటుంది. మగపిల్లల తల్లులకి నేను చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టు 13న ఆ ఆట తయారు చేసిన ఎపిక్ గేమ్స్ కంపెనీ ఒక పని చేసింది. ఆటలో వాడే వెయ్యి నాణేలకి ఒకే తెర మీద రెండు ధరలు చూపించింది. ఆపిల్ ద్వారా కడితే 9.99 డాలర్లు, మాకే నేరుగా కడితే 7.99. అదే రోజు ఆపిల్, గూగుల్ ఇద్దరూ ఆ ఆటని తమ కొట్లలోంచి తీసేశారు. అదే రోజు ఎపిక్ కోర్టుకెళ్ళింది. అలా జరుగుతుందని తెలిసే చేశారులెండి, కాగితాలన్నీ ముందే సిద్ధం చేసుకుని.

2021 సెప్టెంబర్ 10న జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ తీర్పు ఇచ్చారు. ఎపిక్ వేసిన పది అభియోగాల్లో తొమ్మిదింటిలో ఆపిల్‌దే గెలుపు. కమీషన్ తీసుకోవడం, ఫోన్‌లో వేరే కొట్టుని రానివ్వకపోవడం, వాటిలో ఎపిక్ ఓడిపోయింది. గెలిచింది ఒక్కదానిలోనే. బయట ధరల గురించి చెప్పనివ్వకపోవడం కాలిఫోర్నియా చట్టం ప్రకారం అన్యాయం అన్నారు జడ్జి. కొనేవాళ్ళకి తెలియాల్సిన ముఖ్యమైన సమాచారాన్ని ఈ షరతు దాచేస్తోందని రాశారు.

2024 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ కేసుని వినడానికి ఒప్పుకోలేదు. తీర్పు అమలు చేయాల్సొచ్చింది. ఆపిల్ ఏం చేసిందంటే, బయటికి లింకు పెట్టుకోండి గానీ అలా బయట కొన్నవాటి మీద కూడా మాకు 27 శాతం ఇవ్వండి అంది. పైగా ఆ లింకు నొక్కగానే జనం జంకేలా తెర నిండా ఒక హెచ్చరిక. 2025 ఏప్రిల్ 30న అదే జడ్జి ఇది కోర్టు ధిక్కారమే అని తేల్చారు. ఆ మే నెలలో అమెరికాలో కిండిల్ యాప్‌లో పుస్తకం కొనే బటన్ మళ్ళీ కనిపించింది. 2011లో పోయింది, 2025లో వచ్చింది. మా అబ్బాయి ఒకటో తరగతి నుంచి ఇంజనీరింగ్ దాకా వచ్చేంత కాలం!

మన దగ్గర

మన ఇళ్ళల్లో ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లే కదా. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్ 25న ప్లే స్టోర్ చెల్లింపు నిబంధనల విషయంలో గూగుల్‌కి 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. జరిమానా సంగతి పేపర్లలో పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఆ ఉత్తర్వులో ఉన్న ఇంకో మాట మాత్రం చాలామంది గమనించలేదు. యాప్ వాళ్ళు తమ ధరల గురించీ సేవల గురించీ తమ ఖాతాదారులకి చెప్పుకోవడాన్ని ఏ విధంగానూ అడ్డుకోకూడదు అని అందులో ఉంది. గూగుల్ అప్పీలుకి వెళ్తే 2025 మార్చి 28న ట్రిబ్యునల్ జరిమానాని 216.69 కోట్లకి తగ్గించింది. ఆపిల్ మీద కూడా 2021 డిసెంబర్ 31నే కమిషన్ విచారణకి ఆదేశించింది.

గూగుల్ వేరే చెల్లింపు పద్ధతికి వీలు కల్పించింది. అయితే ఆ దారిలో వెళ్ళినా కమీషన్‌లో తగ్గేది 4 శాతమే. ఎంత తగ్గితే ఎంత, ఆ కాస్తా వేరే చెల్లింపు ఖర్చులకే సరి అని మన కంపెనీలు గొడవపెట్టాయి. 2024 మార్చి 1న కమీషన్ కట్టడం లేదని గూగుల్ కొన్ని భారతీయ యాప్‌లని తీసేసింది. వాటిలో పెళ్ళిసంబంధాల యాప్‌లు కూడా ఉన్నాయి. ప్రభుత్వం కలగజేసుకున్నాక కొద్దిరోజుల్లోనే తిరిగి వచ్చాయి. అమ్మాయికి సంబంధం చూసుకుంటున్న తల్లికి ఈ కమీషన్ల పోరు సంగతి ఏం తెలుస్తుంది? యాప్ మాయమైందని మాత్రం తెలుస్తుంది.

మావారి వాదన

ఇదంతా చెప్తే మావారు శ్రద్ధగానే విన్నారు. విని, "సరే, మన వీధి చివర సూపర్ మార్కెట్ వాడు తన గోడ మీద 'పక్క కొట్లో చవక' అని బోర్డు కడతాడా? కట్టమని మనం అడుగుతామా?" అన్నారు. ఆపిల్ వాదన కూడా దాదాపు ఇదే. మంచి ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాను.

సూపర్ మార్కెట్ వాడు బోర్డు కట్టక్కర్లేదు, నిజమే. కానీ వాడి కొట్లో ఉన్న సబ్బు మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చు వేసి ఉంటుంది. సరుకు తన ధరని తన వంటి మీదే మోసుకొస్తుంది. కొట్టువాడు దాని మీద సిరా పూయలేడు. రెండోది, నాకు నచ్చకపోతే నాలుగడుగులేసి ఇంకో కొట్టుకి వెళ్తాను. ఐఫోన్‌లో మన దేశంలో ఉన్నది ఒకటే కొట్టు. ఆండ్రాయిడ్‌లో వేరే దారులున్నా మనలో ఎంతమంది వెళ్తాం? మూడోది, ఇక్కడ ఎవరూ కొట్టువాణ్ణి బోర్డు కట్టమనడం లేదు. సబ్బు తయారు చేసినవాణ్ణి తన సబ్బు సంగతి తనని చెప్పుకోనివ్వమంటున్నారు.

నా చిన్నప్పుడు కూరలు కొనడమంటే అమ్మకి యుద్ధం. 1999లో రైతు బజార్లు వచ్చాక గేటు దగ్గరే బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి పెట్టేవారు. టమాటా ఇంత, వంకాయ ఇంత. అమ్మ రోజూ అక్కడే కొనేది కాదు. దూరం కదా, ఒక్కోసారి ఇంటి ముందు బండి మీదే రెండు రూపాయలు ఎక్కువిచ్చి కొనేసేది. కానీ బోర్డు చూసి వచ్చిన మనిషిని బండివాడు మోసం చేయలేడు. ఎక్కువిచ్చినా తెలిసే ఇచ్చేది. "ఎండలో ఇంటి దాకా తెచ్చాడు పాపం," అనేది.

సరుకు ధర తెలుసుకోవడం కొనేవాళ్ళ హక్కని మన వినియోగదారుల రక్షణ చట్టం 1986 నుంచీ చెప్తూనే ఉంది, 2019 చట్టంలోనూ ఉంది. కొట్టు నడపడానికి ఖర్చవుతుంది, కమీషన్ తీసుకోనివ్వండి. ఎంత తీసుకోవాలో కోర్టులు తేల్చుకుంటాయి. నా గొడవల్లా ఒక్కటే. ధర చెప్పేవాడి నోరు కట్టేసి, ఆ తర్వాత అడగలేదేమని నన్ననకూడదు.

మనం చేయగలిగింది

నేను చేసింది చెప్తాను, పనికొస్తే చూడండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పైన మన పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ అని ఉంటుంది. ఆండ్రాయిడ్ అయితే ప్లే స్టోర్‌లో మన ఫొటో గుర్తు నొక్కితే పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ అని వస్తుంది. నెలనెలా దేనికి ఎంత పోతోందో అక్కడ తెలుస్తుంది. మా ఇంట్లో అందరూ మర్చిపోయిన చందా ఒకటి అక్కడే దొరికింది. తర్వాత ఒక్కో కంపెనీ వెబ్‌సైట్ విడిగా తెరిచి ధర పోల్చుకోండి. పేరు పోలిన దొంగ వెబ్‌సైట్లు ఉంటాయి, అడ్రస్ సరిగ్గా చూసుకోండి. మారాలనుకుంటే ముందు ఫోన్‌లో ఉన్నదాన్ని ఆపేసి, గడువు ముగిశాక వెబ్‌సైట్‌లో కట్టండి. లేకపోతే రెండు చోట్లా పోతుంది.

అన్నీ మార్చేయమని మాత్రం నేను అనను. ఫోన్‌లో కడితే అన్ని చందాలూ ఒక్కచోట కనిపిస్తాయి, ఆపాలంటే ఒక్క నొక్కు. ఒక్కో వెబ్‌సైట్‌లో ఆపే బటన్ కోసం వెతికి వెతికి విసుగొస్తుంది. నేను పాటల చందాని వెబ్‌సైట్‌కి మార్చాను, 99 కడుతున్నాను. అత్తగారి భక్తి ప్రవచనాల యాప్‌ని మాత్రం ఫోన్‌లోనే ఉంచాను. నెలకి పది రూపాయలు ఎక్కువే. కానీ నేను ఊళ్ళో లేనప్పుడు ఆవిడే చూసుకుని, వద్దనుకుంటే ఆవిడే ఆపుకోగలరు.

నోట్‌బుక్‌లో దాని ఎదురుగా రెండు ధరలూ రాశాను. ఎక్కువ ధర కింద గీత గీసి పక్కన "తెలిసే" అని రాశాను. మావారు అది చూసి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మాత్రం తన ఫోన్ నా చేతికిచ్చి, "ఇందులో ఏమేం పోతున్నాయో కాస్త చూడు," అన్నారు.

మూడు దొరికాయి!

మీ ఇంట్లో ఎన్ని దొరుకుతాయో చూసి నాకూ చెప్పండి.